ఒక్క అంకె మారిస్తే చాలు: అమెరికా అధ్యక్షుల చేతిరాత ఉత్తరాల్లో అసలేది, నకలేది

ప్యాట్రిక్ మర్ఫీ అనే సైనికుణ్ణి క్షమించి వదిలేయమంటూ అబ్రహాం లింకన్ రాసిచ్చిన కాగితం ఒకటి వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఒకే ఒక వాక్యం, కింద ‘ఎ. లింకన్’ అని సంతకం, తేదీ. అంతే. 1998లో ఒక ఔత్సాహిక పరిశోధకుడు దాన్ని లోకానికి చూపించినప్పుడు ఆ తేదీ 1865 ఏప్రిల్ 14 అని ఉంది. అది ఫోర్డ్స్ థియేటర్‌లో లింకన్ మీద కాల్పులు జరిగిన రోజు. కాల్పులకు కొన్ని గంటల ముందు ఆయన చేసిన చివరి పనుల్లో ఒకటి ఒక సైనికుణ్ణి క్షమించడం అని తెలిసేసరికి చదివిన వాళ్లందరికీ గుండె బరువెక్కింది, పత్రికలు రాశాయి, పుస్తకాల్లోకి ఎక్కింది.

చాలా ఏళ్ల తర్వాత అక్కడి పాత పత్రాలు చూసుకునే ఒక ఆర్కివిస్టుకు ఆ కాగితం మీద అనుమానం వచ్చింది. 1865లోని 5 మిగతా అక్షరాల కంటే ముదురుగా ఉంది, దాని కింద ఇంకో అంకె నీడలా కనపడుతోంది. ఆయన వెళ్లి 1950లలో అచ్చయిన లింకన్ రచనల సంపుటాలు తీసి చూస్తే, అదే క్షమాపత్రం అక్కడ 1864 ఏప్రిల్ 14 తేదీతో ఉంది. అంటే లింకన్ రాసింది 4, దాని మీద 5 దిద్దింది ఇంకెవరో. 2011 జనవరిలో ఆర్కైవ్స్ ఈ సంగతి బహిరంగంగా ప్రకటించింది. ఆ పరిశోధకుడు మొదట తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చి, తర్వాత తాను చేయలేదని, ఒత్తిడి వల్ల రాసిచ్చానని అన్నాడు. కేసు పెట్టే గడువు అప్పటికే దాటిపోయింది.

ఈ ఉదంతంలో కాగితం అసలుదే, ఇంకు అసలుదే, చేతిరాత లింకన్‌దే, సంతకం కూడా లింకన్‌దే. అబద్ధం ఉన్నది ఒక్క అంకెలో. దాన్ని పట్టించినవి కూడా ఖరీదైన యంత్రాలేమీ కావు, ఓపికగా చూసిన ఒక జత కళ్లు, లైబ్రరీలో అందరికీ దొరికే ఒక పుస్తకం. అధ్యక్షుల ఉత్తరాలు సేకరించాలని మొదలుపెట్టే వాళ్లలో ఎక్కువమంది మొట్టమొదట సంతకం చూస్తారు, చాలామంది సంతకంతోనే ఆగిపోతారు. సంతకం చూడాల్సింది చివర్లో. ముందు ఆ ఉత్తరం ఏం చెబుతోంది, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు రాశారు, ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఎక్కడెక్కడ ఉంది అన్నవి తేలాలి. అవి తేలకుండా సంతకం ఎంత చక్కగా ఉన్నా ఉపయోగం లేదు.

ఈ రంగంలో వాడే పొట్టి పేర్లు కొన్ని ముందే తెలిసి ఉంటే మంచిది. మొత్తం ఉత్తరం అధ్యక్షుడే సొంత దస్తూరితో రాసి సంతకం పెడితే దాన్ని ఏఎల్ఎస్ అంటారు. గుమాస్తా రాయగా అధ్యక్షుడు సంతకం మాత్రమే పెడితే ఎల్ఎస్. టైపు చేసిన ఉత్తరం మీద సంతకం అయితే టీఎల్ఎస్. నియామక పత్రాలు, భూమి పట్టాల వంటి వాటిని డీఎస్ అంటారు. ధరలో వీటి మధ్య చాలా తేడా ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో ఆఫీసుల్లోకి టైపు మిషన్ వచ్చాక అధ్యక్షులు స్వయంగా చేత్తో రాయడం బాగా తగ్గిపోయింది కాబట్టి, పదవిలో ఉండగా రాసిన ఏఎల్ఎస్ విషయంలో 20వ శతాబ్దపు అధ్యక్షులే అరుదు. పాతదైతే అరుదు, కొత్తదైతే చవక అనుకునే వాళ్లు మొదటి దెబ్బ ఇక్కడే తింటారు.

అసలు చిక్కంతా ఫోర్జరీలతోనే అనుకుంటారు గానీ, నిజానికి బజార్లో తిరిగే ‘అధ్యక్షుడి చేతిరాత’ల్లో చాలా వాటి వెనుక మోసగాడే ఉండడు. ఎవరూ ఎవర్నీ మోసం చేయాలనుకోకుండానే అధ్యక్షుడి చెయ్యి తగలని సంతకాలు లక్షల్లో పుట్టాయి. భూమి పట్టాలనే తీసుకోండి. పశ్చిమాన ప్రభుత్వ భూములు అమ్మినప్పుడు ప్రతి పట్టా మీద అధ్యక్షుడు సంతకం పెట్టాలనే నియమం ఉండేది. ఆండ్రూ జాక్సన్ కాలానికి ఈ పట్టాలు గుట్టలుగా పేరుకుపోయి, ఇక ఒక్క చెయ్యి సరిపోదని తేలాక, 1833 మార్చిలో కాంగ్రెస్ ఒక చట్టం చేసి, వాటి మీద అధ్యక్షుడి పేరు రాసే పని ఒక కార్యదర్శికి అప్పగించింది. అప్పటి నుంచి పట్టాల మీద పైన ఆండ్రూ జాక్సన్ అని, దాని కింద ఫలానా సెక్రటరీ చేత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ కింది వరుస చదవకుండా, లేదా చదివినా అర్థం చేసుకోకుండా, జాక్సన్ సంతకం అనుకుని కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1833 తర్వాతి పట్టా ఎవరి పేరుతో ఉన్నా, లింకన్ పేరుతో ఉన్నా సరే, అది కార్యదర్శి రాతే.

మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సంగతి ఇంకా విచిత్రం. ఆయనకు ఉత్తరాల మీద ఎంత శ్రద్ధంటే, తాను రాసిన ప్రతిదానికీ ఒక కాపీ దగ్గర ఉండాల్సిందే. మొదట్లో జేమ్స్ వాట్ 1780లో పేటెంట్ తీసుకున్న కాపీ ప్రెస్ వాడాడు. తడి చేసిన పల్చటి కాగితాన్ని ఉత్తరం మీద పెట్టి నొక్కితే ఇంకు కొంచెం దానికి అంటుకుంటుంది, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది, కాగితం పల్చన కాబట్టి వెనక నుంచి చదువుకోవచ్చు. 1804లో ఆయన చేతికి పాలీగ్రాఫ్ వచ్చింది. జాన్ ఐజాక్ హాకిన్స్ పేటెంట్ చేసిన యంత్రం అది. రెండు కలాలను చెక్క చట్రంతో కలిపి ఉంచుతారు, ఒక కలం పట్టుకుని రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే కదలికతో అదే రాత రాస్తుంది. చనిపోయేదాకా ఆయన దాన్ని వదల్లేదు. కాబట్టి ఒకే జెఫర్సన్ ఉత్తరానికి ఇంకుతో రాసిన రెండు ప్రతులు ఉండొచ్చు, రెండూ ఆయన చేతి కదలికలోంచే పుట్టినవి. ఒకటి అవతలి వాళ్లకు వెళ్లింది, ఇంకొకటి ఆయన బీరువాలో ఉండిపోయింది. మడతలు, లక్క ముద్ర ఆనవాలు, అడ్రసు రాసిన వైపు ఉన్నాయా లేవా అన్నది చూస్తే పోస్టులో ప్రయాణం చేసిన ప్రతి ఏదో తెలుస్తుంది. ఇక్కడ సంతకం చూసి తేల్చగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఆ తర్వాత రబ్బరు ముద్రలు, యంత్రాలు వచ్చాయి. ఆండ్రూ జాన్సన్‌కు 1857లో రైలు ప్రమాదంలో కుడి చెయ్యి విరిగి సరిగా అతకలేదు, రాయడం కష్టంగా ఉండేది. అందుకే అధ్యక్షుడిగా ఆయన చాలా పత్రాల మీద సంతకం ముద్ర కొట్టించాడు, పదవిలో ఉండగా సొంతంగా రాసిన పూర్తి ఉత్తరాలు చాలా తక్కువ. 20వ శతాబ్దం మధ్య నుంచి ఆటోపెన్ రంగంలోకి వచ్చింది. సంతకం ఆకారంలో చెక్కిన మూసను అనుసరిస్తూ నిజమైన కలంతో, నిజమైన ఇంకుతో కాగితం మీద సంతకం పెట్టే మరబొమ్మ చెయ్యి ఇది. కెన్నెడీ కాలంలో దీని వాడకం ఎంతగా పెరిగిందంటే, 1965లో చార్ల్స్ హామిల్టన్ అనే ఆటోగ్రాఫ్ డీలర్ ఒక్క కెన్నెడీ సంతకాల మీదే ఒక పుస్తకం రాయాల్సి వచ్చింది. యంత్రానికి తోడు కెన్నెడీ పేరు రాసే కార్యదర్శులు వేరే ఉండేవారు, పైగా ఆయన సొంత సంతకమే ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండేది కాదు. కెన్నెడీ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి అని డీలర్లు అనేది ఇందుకే.

ఆటోపెన్‌ను పట్టుకునే పద్ధతి చాలా తేలిక. మనిషి తన సంతకం రెండుసార్లు అచ్చంగా ఒకేలా పెట్టలేడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు గీతకు గీత కలిసిపోతే, రెండూ యంత్రం పెట్టినవే. భూతద్దంతో చూస్తే గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో, ఒకే ఒత్తిడితో ఉంటుంది, కలం ఆనిన చోట, లేచిన చోట చిన్న చుక్కలు పడతాయి. మన చేతిరాతలో ఇలా ఉండదు, కిందికి లాగేటప్పుడు ఒత్తుతాం, పైకి తీసుకెళ్లేటప్పుడు తేలిగ్గా వదులుతాం, చివర్లో కలం గాల్లోకి లేస్తూ గీత సన్నబడుతుంది. ఆటోపెన్ చట్టబద్ధమా అంటే అవుననే అంటారు. 2011 మేలో ఒబామా ఫ్రాన్స్‌లో ఉండగా, గడువు ముగిసిపోతున్న పేట్రియాట్ చట్టం పొడిగింపు బిల్లు మీద ఆయన ఆదేశంతో ఆటోపెనే సంతకం పెట్టింది. చట్టానికి అది సరిపోతుంది, సేకరించేవాడికి సరిపోదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఇలాంటి కాగితమే ఒకటి కనిపిస్తుంది. పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు ఇచ్చే కవరులో కొత్త పౌరులకు స్వాగతం చెబుతూ అధ్యక్షుడి పేరుతో, సంతకంతో ఒక లేఖ ఉంటుంది. ఆ సంతకం ప్రింటు. ఆ కాగితానికి ఆ కుటుంబంలో ఉన్న విలువ వేరు, దాన్ని ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయితే నలభై ఏళ్ల తర్వాత పిల్లలు దాన్ని తీసి తాతకు అధ్యక్షుడు స్వయంగా రాశాడనుకుని అమ్మకానికి పెట్టకుండా ఉండాలంటే, ఇది అచ్చు సంతకం అని ఇప్పుడే చెప్పి ఉంచాలి.

అచ్చు నకళ్లలో అన్నింటికంటే పేరు పడ్డది బిక్స్‌బీ ఉత్తరం. 1864 నవంబరు 21 తేదీతో, బోస్టన్‌లోని లిడియా బిక్స్‌బీ అనే వితంతువుకు లింకన్ పేరుతో వెళ్లిన సంతాప లేఖ అది. ఐదుగురు కొడుకులు యుద్ధంలో చనిపోయారని విని రాసిన ఉత్తరం. నిజానికి చనిపోయింది ఇద్దరని తర్వాత తేలింది. అసలు ఉత్తరం ఏమైపోయిందో ఇప్పటిదాకా దొరకలేదు, కానీ 1890లలో దాని లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) నకళ్లు అమ్మకానికి వచ్చాయి, వందలకొద్దీ ఇళ్ల గోడలకెక్కాయి. అటక మీద ట్రంకు పెట్టెలో పాత కాగితాల మధ్య లింకన్ ఉత్తరం దొరికిందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, అది చాలాసార్లు ఈ నకలే. అచ్చులో ఇంకు కాగితం మీద ఒకే మందంలో చదునుగా ఉంటుంది, పాళీ గీసిన గాడి ఉండదు, గీత మీద గీత దాటిన చోట ముదురు రంగు ఉండదు. పోనీ ఆ మాటలైనా లింకన్‌వేనా అంటే, దానిమీద కూడా వందేళ్లుగా వాదన ఉంది. ఆయన కార్యదర్శి జాన్ హే రాసి ఉంటాడని చాలామంది అనుమానం. 2017లో కొందరు భాషా శాస్త్రవేత్తలు కంప్యూటర్‌తో ఇద్దరి శైలినీ పోల్చి, హే వైపే మొగ్గారు.

ఇక నిజంగా మోసం చేసిన వాళ్ల సంగతి. 19వ శతాబ్దం మధ్యలో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ స్ప్రింగ్ అని ఒకడుండేవాడు. జార్జ్ వాషింగ్టన్ పేరుతో చెక్కులు, సైనిక అనుమతి పత్రాలు తయారుచేసి అమ్మేవాడు, పాత పుస్తకాల్లో ముందూ వెనకా ఉండే ఖాళీ పేజీలు చింపి వాటి మీద రాసేవాడు. 1930లలో జోసెఫ్ కోసీ వచ్చాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతకం ఉన్న ఒక కాగితాన్ని కొట్టేయడంతో మొదలుపెట్టి, తర్వాత ఏళ్ల తరబడి లింకన్‌ను, వాషింగ్టన్‌ను, జెఫర్సన్‌ను రాస్తూ బతికాడు. అతని ఫోర్జరీలు ఎంత పేరు పడ్డాయంటే న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాటిని వేరే కట్టగా దాచింది. ఎవరికైనా అనుమానం వస్తే తమ దగ్గరున్న కాగితాన్ని తీసుకెళ్లి కోసీ రాతతో పోల్చి చూసుకోవచ్చు. దొంగ రాతలను పారేయకుండా దాచిపెట్టడం లైబ్రరీలు చేసిన గొప్ప మేలు.

ఇలాంటి వాళ్లను పట్టుకోవడానికి ఇంకు గురించి తెలియాలి. ఆ రోజుల్లో అమెరికాలో, యూరప్‌లో రాతకు వాడింది ఓక్ చెట్టు మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసిన ఇంకు. మన పాతకాలపు సిరా తయారీ తెలిసిన వాళ్లకు ఈ దినుసులు కొత్తేమీ కాదు. రాసినప్పుడు పల్చగా ఉండి, గాలి తగిలాక నల్లబడి, దశాబ్దాలు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇనుము, ఆమ్లం ఎక్కువైతే కాగితాన్ని తినేస్తుంది. ఆ ఇంకు పట్టిన చోట వెనకవైపు కూడా గోధుమ రంగు నీడ దిగడం మామూలే. కొత్తగా ఫోర్జరీ చేసేవాడు సీసాలో గోధుమ రంగు ఇంకు కొని రాస్తాడు, చూడ్డానికి పాతగా ఉంటుంది, భూతద్దం కింద మాత్రం ఆ రంగు పైపైనే కనపడుతుంది.

చేతిలో పది రెట్ల భూతద్దం ఉంటే ఒక్క చోట చూస్తే చాలు, ఉత్తరం మడత. కవర్లు మామూలైపోక ముందు, అంటే 1840ల దాకా, ఉత్తరాన్ని మడిచి లక్కతో అంటించి, అదే కాగితం బయటి వైపు అడ్రసు రాసి పంపేవాళ్లు. ముందు రాసి, తర్వాత మడిచారు. కాబట్టి మడత మీదుగా వెళ్లిన అక్షరంలో ఇంకు మడత దగ్గర విరిగి, అరిగి, కాగితంతో పాటు చిట్లి ఉండాలి. వందేళ్ల నాటి ఖాళీ కాగితం సంపాదించి దాని మీద కొత్తగా రాస్తే, ఇంకు తెగిన మడత పీచుల్లోకి జారి, అక్కడ చిన్న మరకలా పాకి ఉంటుంది. ఆ మరక కనపడితే మడత ముందు, రాత తర్వాత అని అర్థం. దీనికి తోడు పాత కాగితానికి పూసిన జిగురు కాలక్రమంలో చచ్చిపోతుంది, అప్పుడు కొత్త ఇంకు ఎక్కడ పెట్టినా అంచులు చెదిరి పీచుల వెంట పారుతుంది.

కాగితం విషయానికొస్తే, 19వ శతాబ్దం మధ్య దాకా గుడ్డ పీలికలతో చేసిన కాగితమే. దాన్ని వెలుతురుకు ఎత్తితే చాలాసార్లు తీగల అచ్చు చారలు, వాటర్‌మార్క్ కనపడతాయి. కలప గుజ్జు కాగితం మీద వాషింగ్టన్ ఉత్తరం ఉండే ప్రసక్తే లేదు. 1950 ప్రాంతం నుంచి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు యూవీ లైటు కింద నీలంగా మెరుస్తాయి, లింకన్ ఉత్తరం అలా మెరిస్తే అక్కడితో ఆపేయొచ్చు. ఈ పరీక్షలు దొంగను పట్టిస్తాయే గానీ, నెగ్గినంత మాత్రాన అసలుదని రుజువు కాదు. స్ప్రింగ్ చింపిన పుస్తకం పేజీలు కూడా ఈ పరీక్ష నెగ్గుతాయి. సాల్ట్ లేక్ సిటీలో మార్క్ హాఫ్‌మన్ మార్మన్ మత చరిత్ర పత్రాలు, పాత అమెరికా పత్రాలు తయారుచేసి పెద్దపెద్ద నిపుణులనే ఒప్పించాడు. పాత పద్ధతిలోనే ఇంకు కాచాడు, రసాయనాలతో దాన్ని త్వరగా పాతబరిచాడు. గుట్టు బయటపడే పరిస్థితి వచ్చాక 1985లో బాంబులు పెట్టి ఇద్దర్ని చంపాడు. ఆ కేసులో ఫోరెన్సిక్ నిపుణులు మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు అతని పత్రాల ఇంకు మీద మొసలి చర్మంలా సన్నటి పగుళ్లు కనపడ్డాయి, నిజమైన పాత ఇంకులో అవి లేవు. కాగితాల కోసం మనుషుల్ని చంపే దాకా వెళ్లిన ఈ కథ తెలిశాక, నిపుణుడు చెప్పాడు కదా అని కళ్లు మూసుకుని కొనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

అందుకే విషయం చదవడం అంత ముఖ్యం. 1928 డిసెంబరులో అట్లాంటిక్ మంత్లీ పత్రిక లింకన్ ప్రేమలేఖలు బయటపెట్టింది. యువకుడిగా న్యూ సేలంలో ఉన్నప్పుడు ఆన్ రట్లెడ్జ్ అనే అమ్మాయితో ఆయన నడిపిన ప్రేమకు సంబంధించిన ఉత్తరాలంటూ విల్మా ఫ్రాన్సెస్ మైనర్ అనే ఆవిడ ఇచ్చిన కట్ట అది. లింకన్ ప్రేమకథంటే ప్రాణం పెట్టే వాళ్లు దేశమంతా ఉన్నారు, పత్రిక సంపాదకుడికి కూడా అది నిజం కావాలని బలంగా ఉంది. మనసులో అలాంటి కోరిక ఉన్నప్పుడే కళ్లు మోసపోతాయి.

ఆ కట్టలో, 1834 నాటిదంటూ లింకన్ తన పై అధికారి, సర్వేయర్ జాన్ కాల్హూన్‌కు రాసినట్టు ఉన్న ఒక ఉత్తరం ఉంది. అందులో ఒక భూమి తగాదా గురించి చెబుతూ 40వ సెక్షన్ అని రాసి ఉంది. అమెరికా భూముల సర్వేలో ఒక టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం, అందులో మైలు చదరం చొప్పున సరిగ్గా 36 సెక్షన్లు. ఆ లెక్కలో 40వ సెక్షన్ అనేదే ఉండదు. లింకన్ ఎవరు? అప్పట్లో గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన డిప్యూటీ సర్వేయర్. మన ఊళ్లో సర్వేయర్ అన్నవాడు రాళ్లు పాతే పద్ధతే మర్చిపోయి రాసినట్టు ఉంటుందది. అదే ఉత్తరంలో ఒక కుటుంబం కాన్సాస్‌లో ఏదో ఊరికి వెళ్లిపోతోందని ఉంది. కాన్సాస్ అన్న ప్రాంతం తెల్లవాళ్ల స్థిరనివాసానికి తెరుచుకుందే 1854లో, ఇరవై ఏళ్ల తర్వాత. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పనిచేసిన వర్దింగ్టన్ ఫోర్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని యువ చరిత్రకారుడు పాల్ యాంగిల్ వంటి వాళ్లు ఈ తప్పుల్ని ఒక్కొక్కటిగా బయటపెట్టేసరికి ఆ ఉత్తరాల కథ కొద్ది నెలల్లోనే ముగిసింది. కాగితం ఎంత పాతదైనా 40వ సెక్షన్‌ను ఏ కాగితమూ కాపాడలేదు.

దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత ఇదే మళ్లీ జరిగింది. లెక్స్ కుసాక్ అనే అతను, లాయరైన తన తండ్రి ఫైళ్లలో దొరికాయంటూ, కెన్నెడీకి, మార్లిన్ మన్రోకు మధ్య నడిచిన రహస్య ఒప్పందాల కాగితాలు, కెన్నెడీ చేతిరాత నోట్లు అమ్మాడు. కొన్నవాళ్లు మొత్తం మీద 60 లక్షల డాలర్లకు పైగా పెట్టారు. 1960ల తొలి నాళ్లవని చెప్పిన కాగితాల్లో ఒక అడ్రసుకు మన పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్ ఉంది. జిప్ కోడ్ మొదలైందే 1963 జూలై 1న. టైపు చేసిన తప్పుల్ని దిద్దిన తీరు చూస్తే, అప్పటికి ఇంకా పుట్టని దిద్దుబాటు రిబ్బన్ వాడినట్టు తేలింది. 1999లో అతనికి జైలు శిక్ష పడింది. ఇక్కడ కూడా పట్టించింది కెన్నెడీ సంతకం వంకర కాదు, ఒక పోస్టాఫీసు నంబరు.

ఇవాళ ఈ పని ఎవరైనా ఇంట్లో కూర్చుని చేయొచ్చు. నేషనల్ ఆర్కైవ్స్ నడిపే ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, మాడిసన్ వంటి వాళ్ల ఉత్తరాలు లక్షా ఎనభై వేలకు పైగా ఉచితంగా చదవొచ్చు. ఒక ఉత్తరం అమ్మకానికి వచ్చిందంటే, ఆ తేదీన ఆ అధ్యక్షుడు ఏ ఊళ్లో ఉన్నాడు, ముందు రోజు ఎవరికి ఏం రాశాడు, అవతలి మనిషి జవాబు రాశాడా, ఇదే ఉత్తరం అసలు ప్రతి ఏ లైబ్రరీలోనైనా ఇప్పటికే ఉందా అన్నవి గంటలో తెలిసిపోతాయి. అలాగే చిన్న చిన్న అలవాట్లు. లింకన్ ఉత్తరాల్లో ఎ. లింకన్ అనే పెడతాడు, పూర్తి పేరు నియామక పత్రాల వంటి అధికారిక కాగితాల మీదే. స్నేహితుడికి రాసిన ఉత్తరం కింద పూర్తి పేరు కనపడితే అనుమానించాలి, ‘ఏబ్’ అని ఉంటే ఇక చూడక్కర్లేదు.

ధరను కూడా నిర్ణయించేది విషయమే. క్షమాభిక్ష కోరిన దరఖాస్తు వెనక లింకన్ రాసిన ఒకటి రెండు వాక్యాల కాగితం కొన్ని వేల డాలర్లకు దొరుకుతుంది. 1864లో కాంకర్డ్ పట్టణం నుంచి 195 మంది పిల్లలు, బానిస పిల్లలందరినీ విడుదల చేయమని లింకన్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఏప్రిల్ 5న ఆయన దాన్ని పంపిన ఆవిడకు చేత్తో జవాబు రాశాడు. మీరు అడిగినదంతా ఇచ్చే శక్తి నాకు లేదు, దేవుడికి ఉందని గుర్తుంచుకోండి అని ఆ చిన్నవాళ్లకు చెప్పమన్నాడు. ఆ ఒక్క ఉత్తరం 2008లో సదబీస్ వేలంలో 34 లక్షల డాలర్లు పలికింది. 2009లో క్రిస్టీస్‌లో వాషింగ్టన్ తన తమ్ముడి కొడుకు బుష్‌రాడ్‌కు 1787లో కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఉత్తరం 32 లక్షలకు పోయింది. రెండింటిలోనూ కొన్నవాళ్లు డబ్బు పెట్టింది ఆ మాటలకే. అరుదు అన్నది వేరే లెక్క. విలియం హెన్రీ హారిసన్ 1841లో పదవిలో ఉన్నది నెల రోజులే, అందుకే అధ్యక్షుడిగా ఆయన రాసింది ఏది దొరికినా, భోజనానికి పిలుపైనా సరే, ఎగబడతారు.

ఇక ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్న. దీన్ని చాలామంది మర్యాద కోసం అడగరు, అడగడం అవమానం అనుకుంటారు. అడిగి తీరాలి. 2011 జూలైలో బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీలో అధ్యక్షుల వస్తువులు సేకరించే బ్యారీ లాండౌ అనే అతను, అతని సహాయకుడు కాగితాలు దొంగిలిస్తూ దొరికిపోయారు. టీవీల్లో కనపడే పేరున్న మనిషి, లైబ్రరీ సిబ్బందికి కప్‌కేకులు తెచ్చిపెట్టేవాడు, లోపల లోతైన జేబులు కుట్టించుకున్న కోట్లు వేసుకునేవాడు. లింకన్ సంతకం ఉన్న పత్రంతో సహా పదుల కొద్దీ కాగితాలు ఆ రోజు వాళ్ల బ్యాగులో దొరికాయి, ఇంట్లో వెతికితే వేలకొద్దీ. దేశంలో చాలా లైబ్రరీల నుంచి కొట్టేసినవి. కాగితాల మీద లైబ్రరీలు పెన్సిల్‌తో వేసిన గుర్తుల్ని గీకేశారు, ఆ కాగితం ఉందని చెప్పే క్యాటలాగ్ కార్డుల్ని కూడా ఎత్తుకుపోయారు. లాండౌకు ఏడేళ్ల శిక్ష పడింది.

అలాంటి కాగితం తెలియక కొన్నవాడికి కూడా హక్కు ఉండదు. ప్రభుత్వ పత్రం ఎన్ని చేతులు మారినా ప్రభుత్వానిదే. 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఒక్కో రాష్ట్రానికి పంపిన హక్కుల పత్రం (బిల్ ఆఫ్ రైట్స్) ప్రతుల్లో నార్త్ కరోలినా ప్రతిని 1865లో ఒక సైనికుడు ఎత్తుకుపోతే, ఎఫ్‌బీఐ 2003లో వల పన్ని దాన్ని వెనక్కి తెచ్చింది. 1981 నుంచి పదవి చేపట్టిన వాళ్ల అధికారిక కాగితాలన్నీ దేశం ఆస్తి అని 1978 నాటి చట్టం చెబుతుంది. అధ్యక్షుడు ఎవరికో పంపిన ఉత్తరం అందుకున్న వాళ్లది, దాన్ని వాళ్లు అమ్ముకోవచ్చు. ఆయన ఆఫీసు ఫైల్లో ఉండాల్సిన కాగితం బయట అమ్మకానికి కనపడితే దాని దగ్గరకే వెళ్లకూడదు. కాగితం మూలన గీకిన మచ్చ, పల్చబడిన చోటు ఉందేమో వెలుతురుకు ఎత్తి చూడాలి, అక్కడే ఒకప్పుడు లైబ్రరీ నంబరు ఉండి ఉండొచ్చు.

సేకరించే సరదా ఈ ఉత్తరాల్ని కాపాడింది ఎంత నిజమో, పాడుచేసింది కూడా అంతే నిజం. విలియం స్ప్రేగ్ అనే మతగురువు 1815 ప్రాంతంలో వాషింగ్టన్ బంధువుల ఇంట్లో ట్యూటర్‌గా ఉండి, బుష్‌రాడ్ వాషింగ్టన్ అనుమతితో ఆ కాగితాల్లోంచి సుమారు 1,500 ఉత్తరాలు తీసుకెళ్లాడు, కాపీ రాసిపెట్టి అసలుది పట్టుకెళ్లొచ్చు అన్నది షరతు. ఆ తర్వాత వాషింగ్టన్ పత్రాల్ని అచ్చు వేయడానికి వచ్చిన జేరెడ్ స్పార్క్స్ ఇంకా దారుణం చేశాడు. 1789లో తొలి ప్రమాణ స్వీకారం కోసం వాషింగ్టన్ సొంత దస్తూరితో తిరగరాసుకుని, చివరికి చదవకుండా పక్కన పెట్టిన పెద్ద ప్రసంగం ఒకటుంది. అది అంత ముఖ్యమైంది కాదనుకుని స్పార్క్స్ దాన్ని కత్తెరతో ముక్కలు చేసి, వాషింగ్టన్ చేతిరాత కావాలని అడిగిన వాళ్లకు తలా ఒకటి పంచిపెట్టాడు. దేశానికి మొదటి అధ్యక్షుడు తొలిరోజు ఏం చెప్పాలనుకున్నాడో తెలిపే ప్రసంగం అలా చెల్లాచెదురైపోయింది.

ఆ ముక్కలు ఇప్పటికీ అక్కడొకటి ఇక్కడొకటి బయటపడుతున్నాయి. దొరికినంత వరకు వాటి పాఠాన్ని వర్జీనియా విశ్వవిద్యాలయం వాషింగ్టన్ పత్రాల సంపుటాల్లో వరుసగా పేర్చి అచ్చు వేశారు. అలాంటి ముక్క ఒకటి ఎవరి ఆల్బమ్‌లోనో కనపడితే, సంతకం లేదని పక్కన పడేయకుండా, పైనా కిందా కత్తెర గీసిన అంచు చూడాలి, వెనకవైపు ఏముందో చూడాలి, సగంలో తెగిన వాక్యం ఏ పేజీలో మొదలైందో ఆ సంపుటాల్లో వెతకాలి. తెగిన అక్షరం పొట్ట ఒక ముక్క మీద, దాని తోక ఇంకో ముక్క మీద ఉంటాయి.